రంగు వేయని కణాలకు ఎల్ఈడీ పలక: నా అనుభవం

రంగు వేయని కణం వెలుతురును పెద్దగా పీల్చుకోదు. తన గుండా పోయే కాంతి తరంగాన్ని కాస్త వెనకబెడుతుంది, అంతే. ఆ వెనకబాటును తక్కువ ఖర్చులో కొలవడానికి పాత మైక్రోస్కోప్‌లో కండెన్సర్ (స్లయిడ్ కింద కాంతిని కూడగట్టే కటకాల భాగం) తీసేసి, కింద 8×8 ఎల్ఈడీ పలక అమర్చాను. దాన్ని ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డు నడుపుతుంది. కరెంటు మాత్రం వేరే 5 వోల్టుల సప్లై నుంచి ఇవ్వాలి, రెండింటి గ్రౌండ్ వైర్లూ కలపాలి. కలపకపోతే లైట్లు ఇష్టం వచ్చినట్టు మినుకుతాయి.

అసలు కిటుకు పలక దూరంలో ఉంది. లైట్ల మధ్య ఎడం 8 మి.మీ., ఆబ్జెక్టివ్ (స్లయిడ్ దగ్గరుండే కటకం) న్యూమరికల్ అపెర్చర్, అంటే అది ఎంత వాలు కాంతిని లోపలికి తీసుకోగలదో చెప్పే అంకె, 0.25 అయితే, స్లయిడ్‌కు 115 మి.మీ. కింద పెట్టినప్పుడు 44 లైట్లు ఆ హద్దు లోపల పడతాయి. నాలుగు మూలల్లో ఐదేసి చొప్పున మిగిలిన 20 ఆర్పే ఉంచాలి, వాటి కాంతి లెక్కను పాడుచేస్తుంది. పలకను ఇంకా కిందికి దించితే పెద్ద, నునుపైన ఆకారాలు వెలవెలబోతాయి.

పలక నడిమికి ఉందో లేదో చూడటానికి ఐపీస్ తీసి గొట్టంలోకి చూస్తే, ఆబ్జెక్టివ్ వృత్తంలో లైట్లు చుక్కలుగా కనిపిస్తాయి. నడిమి నాలుగే వెలిగించి, అవి ఆ వృత్తం మధ్యకు వచ్చేలా పలకను జరుపుతాను.

ఆకుపచ్చ కాంతిలో ఎడమ సగం, కుడి సగం, పై సగం, కింది సగం వెలిగిస్తూ నాలుగు ఫోటోలు తీస్తాను. ఎదురెదురు ఫోటోల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే కణం అంచులు ఉబ్బెత్తుగా తేలతాయి. కెమెరాలో ఆటో ఎక్స్‌పోజర్, గామా (వెలుగు విలువలను కెమెరా తనంతట మార్చే సర్దుబాటు) రెండూ ఆపాలి. చవక ఎల్ఈడీలు చాలావరకు సెకనుకు 400 సార్లు వెలిగి ఆరతాయి కాబట్టి ఎక్స్‌పోజర్ 50 మిల్లీసెకన్లు పెడతాను, తగ్గిస్తే ఫోటోలో అడ్డచారలు వస్తాయి. ఖాళీ చోట తీసిన నాలుగు ఫోటోలతో భాగించడం కూడా మానకూడదు.

ఆ ఉబ్బెత్తు బొమ్మల నుంచి వెనకబాటు విలువను రేడియన్లలో (కోణపు కొలత; ఒక పూర్తి తరంగం అంటే దాదాపు 6.28) రాబట్టే లెక్క, అంటే డీకన్వల్యూషన్, ఆ వెనకబాటు తక్కువగా ఉంటుందని నమ్ముకుని పనిచేస్తుంది. దాదాపు ఒక రేడియన్ దాటితే ఫలితం అసలు కంటే తక్కువ చూపడం మొదలవుతుంది. అందుకే సరిచూసుకోవడానికి 10 మైక్రాన్ల పాలీస్టైరీన్ (ప్లాస్టిక్) పూసలను మామూలు ఇమ్మర్షన్ ఆయిల్‌లో (మైక్రోస్కోప్ నూనె) వేయడం నాకు నచ్చదు: పూసకూ నూనెకూ వక్రీభవన గుణకం (కాంతిని ఎంత నెమ్మదింపజేస్తుందో చెప్పే అంకె) తేడా 0.08, వెనకబాటు 9 రేడియన్ల పైమాటే. 5 మైక్రాన్ల పూసను, తేడా 0.01 మాత్రమే ఉండే ద్రవంలో వేస్తే 0.6 రేడియన్లే వస్తుంది. గాలిలో ఆరిన రక్తపు పూతదీ అదే ఇబ్బంది, కాబట్టి కణాలను సెలైన్‌లో (ఉప్పు నీటి ద్రావణం) తడిగానే చూస్తాను.