గీకేలోపు పట్టుకోవాల్సిన రంగులు

కాకినాడ, ఏప్రిల్ ఆఖరి శనివారం

సముద్రంలో చేపల వేట నిషేధం మొదలై పది రోజులు దాటింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు సముద్రం మీదకు పోవు. జగన్నాథపురం దగ్గర ఉప్పుటేరు పొడుగునా బోట్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఆగి ఉన్నాయి. బోట్ల మీది పాత రంగుల ఫొటోలు తీయాలంటే ఏడాది మొత్తంలో ఈ కొద్ది రోజులే. ఇంకొంచెం ఆగితే ఆ పాత రంగు గీకుడు మొదలవుతుంది. గీకి, సందులు పూడ్చి, కొత్త రంగు కొట్టాక బోటు కళకళలాడుతుంది గానీ, నాలుగేళ్ల పొరలు ఒకే పలక మీద కనపడటం మళ్లీ ఉండదు.

పొద్దు ఇవాళ ఐదున్నర దాటాక పొడిచింది. ఎండ తిన్నగా పడే వైపు బోటును తీస్తే రంగు చదునుగా, గోడ మీది పోస్టరులా వస్తుంది. పెచ్చులు, పగుళ్లు కనపడాలంటే ఎండ పలకల వెంట జారుతూ పోవాలి. ఈ రోజుల్లో పొద్దు తూర్పుకు కాస్త ఉత్తరంగా పొడుస్తుంది కాబట్టి, ఉత్తరానికి తిరిగిన పక్క 6 నుంచి 7 గంటల మధ్య బాగా పలుకుతుంది. లేచిన ప్రతి పెచ్చూ తన పక్కనే సన్నని నీడ గీస్తుంది.

మధ్యాహ్నం ఫొటోలకు పనికిరాదని అందరూ అంటారు. కేబిన్ గోడల విషయంలో అది నిజం కాదు. దేశం గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకు దగ్గరగానే పోతుంది, అందుకే ఇక్కడ గంట పన్నెండు కొట్టేసరికి సూర్యుడూ దాదాపు నడినెత్తిన ఉంటాడు. ఆ ఎండ నిటారు గోడను పైనుంచి కిందికి రాసుకుంటూ దిగుతుంది. మేకు తలలు, కిటికీ అంచులు, చేత్తో రాసిన నంబరు అక్షరాల మందం అప్పుడే తేలతాయి. బోటు పక్కలు మాత్రం పైకి విచ్చుకుని ఉంటాయి గనక ఆ వేళకి నీడలోకి పోతాయి.

ఆ నీడనూ వదులుకోకూడదు. గరుకుదనం ఎండలో తెలుస్తుంది, అసలు రంగు నీడలోనే తెలుస్తుంది. అయితే నీడలో ఆకాశపు నీలం కలుస్తుంది, పసుపు ఆకుపచ్చకు తిరుగుతుంది. వెలుతురు రంగును సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలకుండా షేడ్‌కి (నీడకి) మార్చి, కెమెరా మార్చని రా (RAW) ఫైల్‌లో తీస్తే తర్వాత సరిదిద్దుకోవచ్చు.

ఎక్కువ ఫొటోలు చెడేది ఎరుపు దగ్గర. ముదురు ఎరుపు పెయింటు మీద కెమెరా మొత్తం వెలుతురును సరిగ్గానే కొలిచినా, ఎరుపును నమోదు చేసే ఒక్క ఎర్ర చానల్ నిండిపోతుంది. చెక్క గీతలు పోయి ఎర్రటి ముద్ద మిగులుతుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్ (ఎంత వెలుతురు పడిందో చూపే గ్రాఫ్) పెట్టుకుని, ఎరుపు కుడి అంచుకు తగిలితే ఎక్స్‌పోజర్ మూడింట రెండు వంతుల స్టాప్ తగ్గించాలి; ఒక స్టాప్ అంటే వెలుతురు సగం కావడం. ఫోనులోనైతే ఎర్ర పలక మీద వేలు నొక్కి పట్టి లాక్ చేసి, వెలుతురు కిందికి జరపాలి. వైడ్ లెన్స్ వద్దు, అంచుల్లో పలకలు వంగిపోతాయి. రెండు రెట్లు (2x) దగ్గరగా చూపే లెన్స్ మేలు.

పలకకు కెమెరా సమాంతరంగా ఉంటే లెన్స్ రంధ్రం ఎఫ్/8 చాలు. బోటు నీళ్ల మీద ఊగుతూనే ఉంటుంది కాబట్టి షట్టర్ వేగం సెకనులో 1/250కి తగ్గకూడదు. ట్రైపాడ్ పెట్టినా ఊగేది బోటే, దానివల్ల ఉపయోగం లేదు. తడి చెక్క మీది మెరుపుకి పోలరైజర్ (లెన్స్ ముందు తిప్పే, మెరుపు తగ్గించే అద్దం) పనిచేస్తుంది, బదులుగా ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు తింటుంది. మెరుపంతా తీసేస్తే చెక్క ఎండిపోయినట్టు కనపడుతుంది, సగం దాకా తిప్పి ఆపడమే బాగుంటుంది.

ఏది తీయాలో తెలియాలంటే బోటు ఎలా పాతబడుతుందో చూడాలి. నీటి గీతకు పైన చెక్క తడిసి ఉబ్బుతుంది, ఎండి ముడుచుకుంటుంది. పెయింటు అంత సాగలేదు, అందుకే పగుళ్లు చెక్క నార వెంటే పోతాయి. ఎండకు పైపొరలోని పట్టు చచ్చి, రంగు సుద్దలా వేలికి అంటుతుంది. ఇనుప మేకుల కింద తుప్పు కన్నీటి చారలా దిగుతుంది. ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద ఎర్ర ప్రైమరు (అడుగు పూత). అలాంటి అరచేతి మేర చోటు దొరికితే మొత్తం బోటు ఫొటో అక్కర్లేదు. బోటు ముక్కు మీద పసుపు, కుంకుమ, ఎండిన నిమ్మకాయ దండ, వలలు తేలడానికి కట్టే, రంగు వెలిసిన బెండ్లు, మెలి తిరిగిన నైలాను మోకుల చివర్లు కూడా ఇలాగే దగ్గరగా చూడాల్సినవి.

ఏసీ గదిలోంచి తీసిన లెన్స్ రేవులో ఆవిరి పట్టి మసకబారుతుంది. సంచి తెరవకుండా అరగంట ఉంచాలి. ఉప్పు తుంపర పడితే పొడిగుడ్డతో రుద్దితే ఉప్పు రవ్వలు గాజును గీస్తాయి. ముందు మంచినీటి తడిగుడ్డతో అద్ది, తర్వాత తుడవాలి. లెన్సు అక్కడ మార్చవద్దు.

బిగిసిన మోకుల మధ్య నిలబడి తీయకూడదు, పడవ కదిలితే కాలు ఇరుక్కుంటుంది. బోటు ఎక్కే ముందు సరంగుని (బోటు నడిపేవాణ్ణి) అడగాలి: “బాబాయ్, బోటు ఫొటో తీసుకోవచ్చా?” పూజ చేసిన ముక్కు మీదకు చెప్పులతో వెళ్లకూడదు. మనుషులను తీసేటప్పుడు అడిగే తీయాలి, వల కుట్టేవాళ్లకూ, పని చేసుకునే అమ్మలకూ ఇది వాళ్ల చోటు.

పది గంటలకి మూడో వరసలో గీకుడు శబ్దం మొదలైంది. దాని పక్కన ఉన్న నీలం బోటు ఇంకా ముట్టలేదు. రేపు ఆరింటికల్లా ఆ బోటు ఉత్తరపు పక్క తీయాలి.