ముందు ప్రదేశం రాయండి

మా లెక్కల సార్‌కు తొందర పడేవాళ్లంటే పడేది కాదు. మేమేమో హన్మకొండలో ఎంసెట్ కోచింగుల గాలి సోకినోళ్లం. కనబడిందల్లా కొట్టేసి జవాబు చెప్పేయడమే ఆల్జీబ్రా అనుకునేవాళ్లం.

ఇంటర్ ఫస్టియర్‌లో మొదటి పాఠం ప్రమేయాలు, అంటే ఫంక్షన్లు. సార్ బోర్డు మీద ఎక్స్ స్క్వేర్ మైనస్ 9, దాని కింద ఎక్స్ మైనస్ 3 వేశారు. చాక్‌పీసు దించకముందే క్లాసంతా "ఎక్స్ ప్లస్ 3 సార్!" అంది.

"మరి ఎక్స్ 3 అయితే?"

"6 సార్."

"కింద సున్నా పెట్టుకొని 6 ఎట్ల తెచ్చిన్రు రా?"

సరళరేఖ గీసి, 3కు ఎదురుగా 6 ఎత్తున ఉన్న చోట వేలికొసతో తుడిచారు. గీత మధ్యలో చిన్న బొక్క పడింది. ఎక్స్ ప్లస్ 3కు ఆ బొక్క ఉండదు, కాబట్టి రెండూ ఒకే ప్రమేయం కాదు. "పత్తిల తేమ కాంటా ఎక్కక ముందే చూస్తరు గదా, బిడ్డా. ముందు ప్రదేశం రాయాలె, అంటే ఎక్స్‌కు ఏ విలువలు ఇయ్యొచ్చో. తర్వాతనే కొట్టేసుడు." ఎనుమాముల మార్కెట్‌కు నాయినల వెంట వెళ్లొచ్చిన పిల్లలకు ఇంకేం చెప్పాలి?

నాకు బాగా నచ్చింది మాత్రం వర్గమూలాల లెక్క. రూట్ కింద ఎక్స్ మైనస్ 2ను, రూట్ కింద ఎక్స్ మైనస్ 5తో గుణిస్తే ప్రదేశం 5, ఆపైన. రెండింటినీ ఒకే రూట్ కిందికి తెస్తే 2, అంతకన్నా చిన్న సంఖ్యలు కూడా వచ్చి చేరతాయి. ఎక్స్‌కు 1 ఇచ్చి చూడండి: మైనస్ 1, మైనస్ 4 కలిసి ప్లస్ 4 అయి, దాని రూట్ విలువ 2 వస్తుంది. విడివిడిగా ఆ రెండు రూట్లూ వాస్తవ సంఖ్యల్లో లేనే లేవు! లాగ్ ఎక్స్ స్క్వేర్‌ను 2 లాగ్ ఎక్స్ అని రాసినా ఇలాంటి తిరకాసే, కాకపోతే అక్కడ రుణసంఖ్యలు జారిపోతాయి.

ఓసారి రూట్ కింద ఎక్స్ మైనస్ 4కు, రూట్ కింద 3 మైనస్ ఎక్స్ కలిపి ఇచ్చారు. ఒకదానికి 4 కన్నా తగ్గకూడదు, ఇంకోదానికి 3 దాటకూడదు. ప్రదేశం శూన్యసమితి. అయితే అసలిది ప్రమేయమేనా? పుస్తకంలో నిర్వచనం శూన్యేతర సమితులకే ఇచ్చారు కాబట్టి కాదని సార్ తేల్చారు. వెనక బెంచీ మిత్రుడొకడు ఒప్పుకోలేదు. ఏళ్ల తర్వాత కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసేటప్పుడు, శూన్యసమితి నుంచి ఏ సమితికైనా సరిగ్గా ఒకే ఒక్క ప్రమేయం ఉంటుందని చదివాడట. ఆ రాత్రే నాకు ఫోన్ చేసి, సార్ నంబర్ ఉందా అని అడిగాడు.