సింక్‌లోకి పోయే కాంట్రాస్ట్‌ని ఆపడానికి పడ్డ పాట్లు

విశాఖలో ఒక స్కాన్ సెంటర్‌లో సీటీ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. స్కాన్‌లో లోపలి భాగాలు స్పష్టంగా కనబడాలని నరంలోకి ఎక్కించే మందును కాంట్రాస్ట్ అంటాం. బాటిల్ అడుగునా, ఇంజెక్టర్ సిరంజిలోనూ మిగిలిన కాంట్రాస్ట్ ఏళ్ల తరబడి సింక్‌లోకే పోయేది. రంగూ వాసనా లేని మందు, చేతికి కాస్త జిగురుగా తగలడం తప్ప. ఎవరూ పట్టించుకోలేదు.

నిజానికి అది ఒంట్లో ఏ మార్పూ లేకుండా కిడ్నీల గుండా బయటికి పోవాలనే తయారుచేసిన అయోడిన్ మందు. కిడ్నీలు బాగుంటే ఒక్క రోజులోనే దాదాపు అంతా మూత్రంలో పోతుంది. అంత మొండిది కాబట్టే మామూలు మురుగునీటి శుద్ధిలోనూ చాలావరకు చెక్కుచెదరదు. 100 ఎం.ఎల్. బాటిల్‌లో సాధారణంగా 30 గ్రాములో, ఇంకాస్త ఎక్కువో అయోడిన్ ఉంటుంది. ఎమ్మారైకి ఎక్కించే గెడోలినియం అనే లోహపు కాంట్రాస్ట్‌దీ ఇదే కథ. జర్మనీ నదుల్లో దాని జాడ 1996లోనే బయటపడింది.

మేనేజర్ గారితో అంటే, "ఎలాగూ సముద్రంలోకే కదండీ" అన్నారు. 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్‌లో పారేసే మందులు పసుపు కేటగిరీ (పసుపు సంచిలో విడిగా ఇవ్వాల్సిన చెత్త) కింద ఉన్న పేజీ ప్రింట్ తీసి, రేడియాలజిస్ట్ మేడమ్ చేత చెప్పించాను. టెక్నీషియన్ మాట ఎవరు వింటారు? ఆయన ఒప్పుకున్నాక వేస్ట్ వ్యాన్ వాళ్లు అడ్డం తిరిగారు: సంచిలో ద్రవం పోస్తే దారంతా కారుతుందట. వాళ్లన్నదీ నిజమే. బిగుతు మూత క్యాన్ పెట్టి, పసుపు లేబుల్ అంటించాకే తీసుకెళ్లారు.

అసలు తేడా తెచ్చింది మాత్రం డోసు. అంతకుముందు బక్కపల్చటి ముసలావిడకీ, తొంభై కిలోల మనిషికీ అదే సైజు బాటిల్. మేడమ్ బరువును బట్టి చార్టు రాసి ఇంజెక్టర్ పక్కన అంటించారు, 50 ఎం.ఎల్. బాటిళ్లు కూడా తెప్పించాం. బిల్లు తగ్గేసరికి మేనేజర్ గారు ఇంకేమీ అనలేదు.

ఇక పేషెంట్ల మూత్రం. డ్రైనేజీలోకి పోయే కాంట్రాస్ట్‌లో పెద్ద వాటా అదే. జర్మనీ, నెదర్లాండ్స్‌లలో ద్రవాన్ని గడ్డకట్టించే పొడి ఉన్న సంచులు ఇంటికిచ్చి పంపి చూశారు. అక్కడ ఇంటి చెత్త కాల్చేస్తారు కాబట్టి కుదిరింది. ఇక్కడ ఆ మాటెత్తితే భీమిలి నుంచి వచ్చిన ఓ పెద్దాయన, "ఏటి బాబూ, బస్సులో అది పట్టుకెళ్లమంటావా?" అన్నాడు. స్కాన్ అయ్యాక ఎలాగూ అరగంట కూర్చోబెడతాం కదా, ఆ మొదటి విడతైనా మా దగ్గరే సంచిలో పడితే నయమని మేడమ్ అన్నారు. అవి ఎక్కడ దొరుకుతాయో పర్చేజ్ వాళ్లు ఇంకా వాకబు చేస్తున్నారు.