నిటారుగా నిలిచిన ఖనిజాన్ని నమ్మొద్దు

పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఇనుప గనుల ప్రాంతం పిల్బరాకు పని కోసం వచ్చే మా కొత్తగూడెం తమ్ముళ్లు గనిలో బ్లాస్టింగ్ గురించి అడుగుతారు. నేను మాత్రం ముందు స్టాక్‌పైల్ గురించి చెబుతాను. తవ్వి తెచ్చి పోసిన ఖనిజం గుట్ట కదలకుండా ఉంటుంది కాబట్టి దాని పక్కన అందరూ ధీమాగా తిరుగుతారు.

వదులుగా పోసిన ఇనుప ఖనిజం తనంతట తాను సుమారు 35 నుంచి 40 డిగ్రీల వాలులో సర్దుకుంటుంది. లోడర్ అడుగున తోడేకొద్దీ ఆ వాలు చెడి, ముఖం, అంటే తోడుతున్న వైపు, నిటారవుతుంది. ఇంటి ముందు ఇసుక కుప్పలో పిల్లలు గుహ తవ్వడం చూశారుగా? పొడి ఇసుక వెంటనే జారిపోతుంది. తడి ఇసుక నిలబడి ఇంకా లోపలికి తవ్వనిస్తుంది. ఇక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫాన్ల కాలం. వాన పడితే బంకమట్టి కలిసిన సన్న ఖనిజం అతుక్కుని గోడలా నిలుస్తుంది. కొత్తవాళ్లకు అది గట్టిపడినట్టే కనిపిస్తుంది. తడి ఆరేసరికి పెళ్లలు పెళ్లలుగా విరిగి పడుతుంది. ఘనపు మీటరు బరువు 2 టన్నుల పైమాటే.

అందుకే ముఖం ఎత్తు బకెట్ అందేంత లోపే ఉండాలి. మించితే డోజర్‌తో పైనుంచి నెట్టించి, వాలు సరిచేశాకే మళ్లీ తోడాలి. లోడర్ గుట్టకు ఎదురుగానే నిలవాలి. పక్కకు తిప్పి ఉంచితే మట్టి సరిగ్గా క్యాబిన్ తలుపు మీదే పడుతుంది. పైన డంపర్లు అంచుకు ఇవతలే పోయాలి, ఎందుకంటే ఆ అంచు కింద ఎంత తోడేశారో పైనున్న డ్రైవరుకు కనపడదు.

అడుగున ఫీడర్, అంటే ఖనిజాన్ని కిందినుంచి లాగి బెల్టు మీదకు పంపే యంత్రం, ఉన్న గుట్టలు మరీ మోసకారివి. ఖనిజం కిందికి జారి లోపల డొల్లయినా పైపొర వంతెనలా నిలిచే ఉంటుంది. అమెరికాలో బొగ్గు గుట్టల మీద డోజర్లు ఇలాగే కూరుకుపోయి ఆపరేటర్లు చనిపోయారు. ఏ ఫీడర్ నడుస్తోందో తెలియకుండా డోజర్‌ను దాని పైకి ఎక్కించకూడదు.

2024 ఫిబ్రవరి 13న తుర్కియేలోని చోప్లెర్ బంగారు గనిలో లీచింగ్‌కు, అంటే రసాయనంతో బంగారాన్ని కరిగించి తీయడానికి, పేర్చిన ఖనిజం జారి 9 మంది కార్మికులు చనిపోయారు. అందరి మృతదేహాలూ బయటికి తీయడానికి నెలలు పట్టింది. అది మా స్టాక్‌పైల్ లాంటిది కాదు, చాలా పెద్దది. అయినా ఆ గుట్ట జారిన వీడియో మర్చిపోలేకపోతున్నాను.

మనవాళ్లలో నన్ను బాధపెట్టేది మౌనం. వీసా కంపెనీ చేతిలో ఉందని, సీనియర్ ఏమనుకుంటాడోనని పగులు చూసి కూడా ఊరుకుంటారు. 2022 మార్చి 31న ఇక్కడ అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, ప్రాణాపాయం ఉందనిపిస్తే పని ఆపే హక్కు కార్మికుడికి ఉంది. ఏ వీసా అన్న తేడా లేదు. రేడియోలో లోడర్ నంబరు చెప్పి వెనక్కి తీయమనండి. ముందు బండి ఆగాలి, కారణం తర్వాత చెప్పొచ్చు.