అండాశయాలు ఉంచారా, తీసేశారా?

ఆడవాళ్ళ ఒంట్లో టెస్టోస్టెరాన్ అనగానే మన ఇళ్ళలో ముందుగా గుర్తుకు వచ్చేది పీసీఓడీ అనే అండాశయాల సమస్య. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, నెలసరి తప్పిపోవడం వంటివి ఆండ్రోజెన్లు, అంటే టెస్టోస్టెరాన్ కోవకు చెందిన హార్మోన్లు, ఎక్కువైనప్పుడు వచ్చే ఇబ్బందులు కాబట్టి, టెస్టోస్టెరాన్ మగవాళ్ళకు చెందిన హార్మోననీ, ఆడవాళ్ళలో ఎంత తక్కువ ఉంటే అంత మంచిదనీ ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. నిజానికి స్త్రీ హార్మోనుగా పేరుపడ్డ ఈస్ట్రోజెన్‌ను స్త్రీ శరీరం తయారుచేసుకునేదే టెస్టోస్టెరాన్ వంటి ఆండ్రోజెన్ల నుంచి. అరోమటేజ్ అనే ఎంజైము వాటిని ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. అంటే ఆ ముడిసరుకు లేకుండా ఈస్ట్రోజెన్ కూడా లేదు.

మగవాళ్ళలో టెస్టోస్టెరాన్ డెసీలీటరు రక్తానికి సుమారు 300 నుంచి 1000 నానోగ్రాముల వరకు ఉంటే, ఆడవాళ్ళలో 15 నుంచి 70 దాకా ఉంటుంది. అందులో నాలుగో వంతు అండాశయాల నుంచి, మరో నాలుగో వంతు మూత్రపిండాల మీద కూర్చున్న అడ్రినల్ గ్రంథుల నుంచి నేరుగా వస్తుంది. మిగిలిన సగం, ఈ రెండు చోట్లా తయారైన బలహీనమైన ఆండ్రోజెన్లు కొవ్వులోనూ చర్మంలోనూ మార్పు చెందడం వల్ల ఏర్పడుతుంది. ఇరవైల వయసులో ఎక్కువగా ఉండే ఈ హార్మోను ఏటా కొద్దికొద్దిగా తగ్గుతూ నలభైల నాటికి దాదాపు సగానికి చేరుతుంది. ముట్లుడిగినప్పుడు ఈస్ట్రోజెన్ పడిపోయినట్టు ఇది ఒక్కసారిగా పడిపోదు. అండం విడుదల కావడం ఆగిపోయిన తరువాత కూడా అండాశయాలు కొన్నేళ్ళపాటు ఆండ్రోజెన్లను తయారుచేస్తూనే ఉంటాయి. "ముట్లు ఆగిపోయాక ఆ అండాశయాలతో ఇంకేం పని" అనే మాట ఆపరేషన్ గదుల బయట మన ఆడవాళ్ళు తరచూ వింటూ ఉంటారు కనుక, ఈ సంగతిని ఇక్కడ నొక్కి చెబుతున్నాను.

సహజంగా వయసుతో పాటు జరిగే తగ్గుదల వేరు, కత్తి వల్ల జరిగే తగ్గుదల వేరు. రెండు అండాశయాలనూ తీసేస్తే రక్తంలోని టెస్టోస్టెరాన్ కొద్ది రోజులలోనే సుమారు సగానికి పడిపోతుంది. తెలుగు నేల మీద ఈ విషయాన్ని మాట్లాడేటప్పుడు గర్భసంచి ఆపరేషన్లను పక్కన పెట్టడం సాధ్యం కాదు. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. దేశంలో జరిగిన ఆ ఆపరేషన్లలో దాదాపు మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రులలో జరిగినవే. వీరిలో ఎందరికి అండాశయాలు కూడా తీశారన్నది చాలాసార్లు ఆ స్త్రీలకే తెలియదు, ఎందుకంటే ఊళ్ళలో అందరూ చెప్పేది "గర్భసంచి తీసేసిండ్రు" అన్న ఒక్క మాటే.

మెదక్ వైపు ఉండే మా చిన్నమ్మకు ముప్పై ఆరేళ్ళ వయసులో తెల్లబట్ట అవుతోందని, అలాగే వదిలేస్తే క్యాన్సర్ అవుతుందని భయపెట్టి ఆపరేషన్ చేశారు. ఆ తరువాత ఏళ్ళ తరబడి ఆమె చెప్పేది ఒకటే: "నాకేం రోగం లేదు బిడ్డా, ఏ పని మీదికి పానం పోతలేదు." ఇంట్లో వాళ్ళు దానిని బద్ధకమన్నారు, మనోవ్యాధి అన్నారు, గాలి సోకిందని కూడా అన్నారు. చివరికి ట్రంకుపెట్టె అడుగున దొరికిన డిశ్చార్జి కాగితంలో "టీఏహెచ్ విత్ బీఎస్‌ఓ" అని రాసి ఉంది. మొదటి మూడక్షరాలకు పొట్ట కోసి గర్భసంచి తీశారని అర్థం, తరువాతి మూడింటికి రెండు వైపులా నాళాలతో సహా అండాశయాలు కూడా తీసేశారని అర్థం. ఇంట్లో ఇటువంటి కాగితం ఉన్నవారు ఒకసారి తీసి ఆ చివరి మూడక్షరాలు ఉన్నాయేమో చూడటం మంచిది.

అయితే ఆమె నీరసమంతా టెస్టోస్టెరాన్ వల్లనే వచ్చిందని నేను అనను. అండాశయాలు పోయినప్పుడు ఈస్ట్రోజెన్ కూడా పోతుంది. ఒంట్లోంచి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, యోని పొడిబారడం, ఎముకలు గుల్లబారడం ప్రధానంగా దాని లోటు వల్లనే. నలభై ఐదేళ్ళ లోపు రెండు అండాశయాలూ తీయించుకుని, తరువాత ఈస్ట్రోజెన్ వాడని స్త్రీలలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2006లో చూపారు. టెస్టోస్టెరాన్ లోటుకు గట్టిగా ముడిపెట్టగలిగినది లైంగికమైన కోరిక తగ్గడం, స్పందన మందగించడం. అలసట, దిగులు, కండబలం తగ్గడం, మతిమరుపు వంటివాటికి దానితో సంబంధం ఉండవచ్చునన్న ఊహ ఎంతో కాలంగా ఉన్నా, పరిశోధనలు ఇంతవరకు దానిని నిలబెట్టలేదు. మన సమాజంలో చిక్కు ఏమిటంటే, ఆధారం ఉన్న ఆ ఒక్క లక్షణాన్నీ ఏ స్త్రీ నోరు తెరిచి చెప్పదు, చెప్పుకోగలిగిన నీరసానికేమో ఆధారం లేదు.

టెస్టోస్టెరాన్ తగ్గడానికి ఆపరేషన్ ఒక్కటే కారణం కాదు. ఉబ్బసానికో కీళ్ళవాతానికో ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లను చాలా కాలం వాడితే అడ్రినల్ గ్రంథులు మందగిస్తాయి. గర్భనిరోధక మాత్రలలోని ఈస్ట్రోజెన్, కాలేయంలో ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీనును పెంచుతుంది. అది టెస్టోస్టెరాన్‌ను పట్టి ఉంచుతుంది కనుక శరీరానికి స్వేచ్ఛగా అందేది తగ్గుతుంది. కాన్పులో రక్తం విపరీతంగా పోయి మెదడు అడుగున ఉండి అండాశయాలనూ అడ్రినల్ గ్రంథులనూ నడిపించే పీయూష గ్రంథి దెబ్బతింటే వచ్చే షీహన్ సిండ్రోమ్ మన దేశంలో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది. కాన్పు తరువాత పాలు పడకపోవడం, నెలసరి తిరిగి రాకపోవడం, చంకలలోనూ మర్మాంగాల దగ్గరా వెంట్రుకలు రాలిపోవడం దాని గుర్తులు. ఆడవాళ్ళలో ఆ వెంట్రుకలను నిలిపేవి ఆండ్రోజెన్లే కాబట్టి, అవి రాలిపోవడమన్నది వైద్యుడికి తప్పక చెప్పవలసిన విషయం. అది సిగ్గుపడి దాచవలసినది కాదు.

ఇక పరీక్షల సంగతి. "హార్మోన్ ప్యాకేజీ" పేరుతో ల్యాబులు ఇచ్చే టెస్టోస్టెరాన్ అంకెను చూసి ఆడవాళ్ళలో లోటు ఉందని తేల్చడం కుదరదు. సాధారణ ల్యాబులలో వాడే పద్ధతి మగవాళ్ళ స్థాయిలకు సరిపోతుందే తప్ప, ఆడవాళ్ళలో ఉండే కొద్దిపాటి మోతాదులను సరిగా కొలవలేదు. అందుకు మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే మరింత కచ్చితమైన పద్ధతి కావాలి. సరిగా కొలిచినా సమస్య తీరదు. ఆస్ట్రేలియాలో వెయ్యి మందికి పైగా స్త్రీలను పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంతకంటే తక్కువ ఉంటే కోరిక తగ్గుతుందని గీత గీయగల టెస్టోస్టెరాన్ స్థాయి ఏదీ దొరకలేదు. 2019లో అనేక దేశాల వైద్య సంఘాలు కలిసి ప్రకటించిన ఏకాభిప్రాయ పత్రం కూడా అదే చెప్పింది. రక్త పరీక్ష ఆధారంగా రోగనిర్ధారణ చేయకూడదనీ, ముట్లుడిగిన స్త్రీలలో కోరిక తగ్గిపోయి దానివల్ల వారు బాధపడుతున్నప్పుడు మాత్రమే, ఇతర కారణాలన్నీ చూసిన తరువాత టెస్టోస్టెరాన్ చికిత్సను ఆలోచించవచ్చుననీ దాని సారాంశం. ఆ బాధ అన్న షరతు నాకు చాలా నచ్చింది. కోరిక లేకపోయినా దానిని లోటుగా భావించని స్త్రీకి జబ్బు అంటగట్టే హక్కు భర్తకూ లేదు, వైద్యుడికీ లేదు.

చికిత్స ఫలితం కూడా ప్రచారంలో చెప్పేంత గొప్పగా ఉండదు. 36 ప్రయోగాలలో పాల్గొన్న 8,480 మంది స్త్రీల వివరాలను కలిపి 2019లో విశ్లేషించినప్పుడు, తృప్తికరమైన కలయికలు ఉత్తుత్తి మందు వాడినవారికన్నా సగటున నెలకు ఒకటి కంటే కాస్త తక్కువే పెరిగాయి. కోరిక, స్పందన మెరుగుపడ్డాయి, బాధ తగ్గింది. మొటిమలు, అవాంఛిత రోమాలు పెరిగాయి. నోటి మాత్రలుగా తీసుకున్నప్పుడు చెడు కొలెస్టరాల్ పెరిగింది, చర్మం ద్వారా ఇచ్చినప్పుడు పెరగలేదు. యూరప్‌లో 2006లో అనుమతి పొందిన ఇంట్రిన్సా అనే పట్టీని 2012లో కంపెనీయే వెనక్కు తీసుకుంది. ఆస్ట్రేలియాలో 2020లో ఆండ్రోఫెమ్ అనే క్రీము ఆమోదం పొందింది. చాలా దేశాలలో ఆడవాళ్ళకంటూ ప్రత్యేకమైన మందు లేదు కాబట్టి, మగవాళ్ళ జెల్‌నే సుమారు పదో వంతు మోతాదులో, రక్త పరీక్షలు చేయిస్తూ వైద్యులు రాస్తారు. మోతాదు మితిమీరితే గొంతు బొంగురుపోతుంది, అది మళ్ళీ మామూలుకు రాకపోవచ్చు. ఇక "శక్తి కోసం" అంటూ అమ్మే డీహెచ్‌ఈఏ (ఒంట్లో టెస్టోస్టెరాన్‌గా మారగల బలహీనమైన ఆండ్రోజెన్) మాత్రలనూ, చర్మం కింద పెట్టే టెస్టోస్టెరాన్ పెల్లెట్లనూ నేనైతే ఎవరికీ సూచించను.

మా చిన్నమ్మకు ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. కాగితం దొరికిన తరువాత హార్మోన్ల వైద్యురాలికి చూపిస్తే ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూశారు, ఎముకల సాంద్రత కొలిచి దానికి మందు మొదలుపెట్టారు. ఆపరేషన్ అయి ఇరవై ఏళ్ళు దాటిందనీ, ఈస్ట్రోజెన్ అప్పుడే ఇచ్చి సహజంగా ముట్లుడిగే వయసు దాకా కొనసాగించి ఉండవలసిందనీ, ఇంత ఆలస్యంగా మొదలుపెట్టడం గుండెకు మంచిది కాదనీ వివరించారు. టెస్టోస్టెరాన్ గురించి అడిగితే, ఆమె బాధ కోరికకు సంబంధించినది కాదు కాబట్టి దాని అవసరం లేదన్నారు.

ఇప్పుడు ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారి విషయం వేరు. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పును పెంచే బీఆర్‌సీఏ వంటి జన్యుమార్పులు ఉన్నప్పుడు, అండాశయాలలో అనుమానించదగిన గడ్డలు ఉన్నప్పుడు వాటిని తీయడం ప్రాణం కాపాడుతుంది, అందులో వెనుకాడవలసిన పని లేదు. కేవలం తెల్లబట్టకు, అధిక రక్తస్రావానికి, ఫైబ్రాయిడ్లకు (గర్భసంచిలో పెరిగే, క్యాన్సర్ కాని గడ్డలకు) అయితే ఆ వాదన నిలవదు. తెల్లబట్ట చాలావరకు మందులతో తగ్గేదే. అనవసరంగా గర్భసంచులు తీయడంపై వచ్చిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో, కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలలలో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. సంతకం పెట్టే ముందు అంగీకార పత్రంలో అండాశయాల సంగతి విడిగా రాయించుకోండి. అవి తీయక తప్పదంటే ఎందుకో అడగండి, తీసిన తరువాత ఈస్ట్రోజెన్ ఎప్పుడు, ఏ రూపంలో మొదలుపెడతారో అడగండి. గర్భసంచి లోపలి పొరను కాపాడటానికి ఈస్ట్రోజెన్‌తో కలిపి ఇచ్చే ప్రొజెస్టెరాన్‌ను గర్భసంచి లేనివారికి జోడించవలసిన అవసరం సాధారణంగా ఉండదు, చర్మం మీద వాడే ఈస్ట్రోజెన్ ఎస్‌హెచ్‌బీజీని మాత్రలంతగా పెంచదు కనుక ఉన్న కాస్త టెస్టోస్టెరాన్ అయినా ఒంటికి అందుతుంది.