నెట్ సైకాలజీకి చదివేవాళ్లు డిప్రెసివ్ పర్సనాలిటీ డిజార్డర్ గొడవ వదలకండి

తిరుపతిలో రూమ్ తీసుకుని యూజీసీ నెట్ సైకాలజీకి చదువుతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. డీఎస్‌ఎం (మానసిక జబ్బుల్ని, వాటి లక్షణాల్ని వర్గీకరించే అమెరికన్ పుస్తకం) పట్టికలు బట్టీ పట్టడంలోనే నెలలు పోనివ్వకండి. వివాదం ఉన్న డయాగ్నసిస్ ఒకటి పట్టుకుని దాని కథంతా చదవండి. నేను ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీలో అలా చదివింది డిప్రెసివ్ పర్సనాలిటీ డిజార్డర్, అంటే దిగులే మనిషి స్వభావంగా మారిపోవడం.

1994 నాటి డీఎస్‌ఎం-4లో ఇది ప్రధాన జాబితాలో లేదు, ఇంకా పరిశోధన కావాలంటూ చివర అనుబంధంలో పెట్టారు. ఎప్పుడూ దిగులు, తనని తాను నిందించుకోవడం, అపరాధభావం, ఎదుటివాళ్లలోనూ తప్పులే వెతకడం, ఇలాంటి ఏడింటిలో ఐదు ఉండాలి. డిస్థైమియా (ఏళ్ల తరబడి సాగే ఒక రకం డిప్రెషన్) ఉండగా మళ్లీ ఇదెందుకు అన్నదే గొడవంతా. డిస్థైమియాలో కనీసం 2 ఏళ్ల దిగులుతో పాటు నిద్ర, ఆకలి, నీరసం కూడా లెక్కకొస్తాయి, ఇందులో మాత్రం అన్నీ స్వభావానికి సంబంధించినవే.

ఇక్కడే, ఒక డయాగ్నసిస్ నిజంగా విడి జబ్బేనా అని తేల్చడానికి రాబిన్స్, గూజ్ అనే సైకియాట్రిస్టులు 1970లో చెప్పిన ఐదు పరీక్షలు తెచ్చి పెట్టి చూడండి: లక్షణాల వర్ణన, ల్యాబ్ పరీక్షలు, మిగతా జబ్బుల నుంచి విడదీయడం, ఫాలో అప్, కుటుంబ అధ్యయనాలు. వర్ణన బాగానే ఉంది, విడదీయడం దగ్గరే ఇది తడబడుతుంది. కుటుంబ అధ్యయనాల సంగతి ఇంకా ఆసక్తికరం, బంధువుల్లో మూడ్ డిజార్డర్లు (డిప్రెషన్ లాంటివి) ఎక్కువని తేలితే ఇది నిజమైన జబ్బే అని ఒకరంటారు, అయితే అది పర్సనాలిటీ కాదు మూడ్ డిజార్డరే కదా అని ఇంకొకరు అదే ఆధారం చూపిస్తారు. ఇద్దరు డాక్టర్లు ఒకే పేరు పెడితే అది రిలయబిలిటీ, ఆ పేరు వెనక విడిగా ఒక జబ్బు ఉంటేనే వ్యాలిడిటీ. ఈ తేడా ఇంత స్పష్టంగా ఏ గైడూ నాకు చెప్పలేదు.

2013లో డీఎస్‌ఎం-5 దీన్ని అనుబంధంలో కూడా ఉంచలేదు. నా ఉద్దేశంలో విడి జబ్బుగా ఇది నిలబడదు, కానీ ఈ లక్షణాలుండి డిస్థైమియా కిందికి రానివాళ్లు నిజంగా ఉన్నారు, వాళ్ల బాధకి పేరు లేకపోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఇంకొకటి. రిజల్ట్ పోయిన వారంలో ఈ ఏడు లక్షణాలూ మీవే అనిపిస్తాయి, కానీ యవ్వనం మొదట్నుంచీ అన్ని సందర్భాల్లోనూ ఉంటేనే లెక్క. దిగులు రెండు వారాలు దాటి, నిద్రా చదువూ దెబ్బతింటుంటే మాత్రం పుస్తకం చూసి తేల్చుకోకండి, సైకియాట్రీ ఓపీకి వెళ్లండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.