మూడేళ్లు దాటిన నోటు చెల్లదా?

లా చదివినవాళ్లు లాయర్లుగా ప్రాక్టీసు చేయడానికి రాసే ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్ కోసం మేం నలుగురం ఆదివారాలు కలిసి చదువుతున్నాం. చిక్కడపల్లి లైబ్రరీలో చోటు దొరికితే అక్కడ కూర్చుంటాం, వాదించుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం బయటికొచ్చి టీ కొట్టు దగ్గర నిలబడతాం, ఎందుకంటే కాంట్రాక్ట్ చట్టం నోరు మూసుకుని చదివితే వచ్చేది కాదు. "ఎలాగూ బేర్ యాక్ట్ (చట్టం మాత్రమే ఉన్న పుస్తకం) తీసుకెళ్లనిస్తారు కదా, అక్కడే చూసి పెట్టేద్దాం" అనుకుంటున్న వాళ్లు ఇది చదవాలని నా కోరిక.

తీసుకెళ్లనిస్తారు, నిజమే. వ్యాఖ్యలు, నోట్సు లేని పుస్తకం అయితే చాలు. మొత్తం 100 ప్రశ్నలు, నెగిటివ్ మార్కులు లేవు. అందులో కాంట్రాక్ట్ చట్టం, స్పెసిఫిక్ రిలీఫ్, ఆస్తి చట్టాలు, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ (నోట్లు, చెక్కుల చట్టం) అన్నీ కలిపి వచ్చేవి 8. ఎనిమిదే కదా అని చాలామంది వదిలేస్తున్నారు, అది చూస్తే నాకు బాధేస్తుంది. రేపు మన దగ్గరికి వచ్చే మొదటి క్లయింటు చేతిలో నోటో, అగ్రిమెంటు కాగితమో ఉంటుంది. పైగా ప్రశ్న కథలా వచ్చినప్పుడు ఏ సెక్షన్ తెరవాలో ముందే తట్టకపోతే పుస్తకం పక్కనున్నా లాభం లేదు.

పోయిన వారం మేం తీసుకున్న ప్రాబ్లం ఇది. రాము, సోము దగ్గర ప్రామిసరీ నోటు మీద లక్ష తీసుకున్నాడు. నాలుగేళ్లు గడిచాయి, మధ్యలో పైసా కట్టలేదు, ఏ కాగితమూ రాయలేదు. ఐదో ఏడు సోము ఇంటికొచ్చి గట్టిగా అడిగితే "నీ పాత బాకీ కింద యాభై వేలు ఉగాదికి ఇస్తాను" అని రాసి సంతకం పెట్టాడు. ఉగాది దాటిపోయింది. సోము దావా వేయొచ్చా?

వేయకూడదని నేనే ముందు చెప్పాను. మూడేళ్లు దాటితే నోటు చెల్లదు అన్న మాట మా ఊళ్లో చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను, దానికి తోడు కొత్తగా ప్రతిఫలం, అంటే మాటకి బదులుగా ముట్టేది, ఏదీ లేదు కాబట్టి ఆ రెండో కాగితం కూడా చెల్లదని గట్టిగా వాదించాను. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 25 తెరిచి చదివితే తప్పు తెలిసింది. ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదన్నది మామూలు సూత్రం. కానీ అదే సెక్షన్ మూడో క్లాజు, కాలదోషం పట్టిన, అంటే దావా వేసే గడువు దాటిపోయిన, బాకీని పూర్తిగా గానీ కొంత గానీ తీరుస్తానని బాకీదారు రాతపూర్వకంగా మాటిచ్చి సంతకం పెడితే అది కాంట్రాక్టేనని చెబుతోంది. కింద ఉదాహరణ కూడా ఉంది, వెయ్యి రూపాయల బాకీకి ఐదు వందలు ఇస్తానని రాసినట్టు. అంటే సోము ఆ యాభై వేలకి దావా వేయొచ్చు, లక్షకి వేయలేడు. ఉదాహరణలు వదిలేసి సెక్షన్ మాత్రమే చదివేవాళ్లు మాలో ఇద్దరు ఉండేవాళ్లు, ఆ రోజుతో మానేశారు.

అప్పుడు మాలో ఒకమ్మాయి అడిగింది, మరి మనవాళ్లు నోటు వెనక చెల్లు రాయించుకుంటారే, అదీ ఇదీ ఒకటేనా అని. దీని మీద గంట వాదించాం. ఒకటి కాదు. చెల్లు లిమిటేషన్ చట్టం (దావా గడువుల చట్టం) సెక్షన్ 19 కిందకి వస్తుంది, కొంత డబ్బు కట్టి ఆ సంగతి రాసి సంతకం చేయడం, బాకీ ఉన్నానని ఒప్పుకుంటూ రాస్తే సెక్షన్ 18. రెండిట్లోనూ డబ్బు కట్టడమైనా ఒప్పుకోలైనా గడువు తీరకముందే జరగాలి, అప్పుడే కొత్త గడువు మొదలవుతుంది. గడువు తీరిపోయాక "బాకీ ఉన్నమాట నిజమే" అని రాసినంత మాత్రాన సరిపోదు, "ఇస్తాను" అన్న వాగ్దానం ఉండాలి. పరీక్షలో ఆప్షన్లు ఈ ఒక్క మాట దగ్గరే వేరుపడతాయి.

ఇంకో సంగతి. కార్లిల్, బాల్ఫోర్ లాంటి ఇంగ్లండు కేసులు అందరికీ నోటికి వస్తాయి, మన తెలుగు కుటుంబాల కేసులు మాత్రం పేరు వరకే గుర్తుంటాయి. చిన్నయ్య, రామయ్య కేసు అని మనం చదువుకునేది 1880ల తొలినాళ్లలో మద్రాసు హైకోర్టు తీర్పు. ఒక పెద్దావిడ కూతురికి భూమి దానపత్రం రాస్తూ తన తోబుట్టువులకి ఏటా 653 రూపాయలు ఇవ్వాలని షరతు పెట్టింది. ఇస్తానని కూతురు అదే రోజు వాళ్లకి కాగితం రాసిచ్చింది. తర్వాత, మీ దగ్గర్నుంచి నాకేం ముట్టింది, నేనెందుకివ్వాలి అంది. ఇవ్వాల్సిందేనని కోర్టు చెప్పింది. ప్రతిఫలం వాగ్దానం పొందినవాళ్ల నుంచే రానక్కర్లేదు, కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 2(డి)లో "మరెవరైనా" అన్న మాట ఉంది. ఇంట్లో జరిగే గొడవలా చదివితే ఈ సెక్షన్ ఇక మర్చిపోరు.

చిక్కం అమ్మిరాజు కేసు (1917) మరీ కదిలిస్తుంది. ఆస్తి హక్కు తన అన్నదమ్ముడి పేర వదిలేయకపోతే చచ్చిపోతానని భర్త బెదిరిస్తే భార్యా కొడుకూ సంతకాలు పెట్టారు. అది సెక్షన్ 15 కింద బలవంతమేనని మెజారిటీ తీర్పు, ఒక జడ్జి ఒప్పుకోలేదు. ఆత్మహత్యాయత్నం నేరమన్న పాత శిక్షాస్మృతి (ఐపీసీ) సెక్షన్ 309 కొత్త భారతీయ న్యాయ సంహితలో అలాగే రాలేదు కాబట్టి ఇప్పుడు ఇదే కథ వస్తే ఎలా వాదించాలని మేం చాలాసేపు మాట్లాడుకున్నాం. నా మటుకు నేను సెక్షన్ 16, అనుచిత ప్రభావం, పట్టుకుంటాను. ఆ ఇంట్లో ఆ భార్యకి కాదనే దారి ఎక్కడుంది?

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. ఆయన దగ్గర ఒక నోటు ఉంది, వచ్చే నెలాఖరుకి మూడేళ్లు నిండుతుంది. వెనక చెల్లు రాయించుకోమన్నాను. "మనవాడే కదమ్మా, సంతకం అడిగితే ఏమనుకుంటాడు" అన్నారు. అతను వంద రూపాయలు కట్టినా సరే, తారీఖు వేయించి, అతని చేత్తోనే రాయించి సంతకం పెట్టించు నాన్నా, నెలాఖరు దాటనివ్వకు అని చెప్పాను.